పేద విద్యార్థుల ఆసరా - మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మలై)

మన భైంసావాసులకు నాందేడ్ పరాయి ఊరు కాదు. ముథోల్ తాలూకాతో పాటు భైంసా కూడా 1956 వరకు నాందేడ్ జిల్లాలోనే ఉండేది. 1848లో ఆ నాందేడ్ ప్రాంతంలోనే మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మలై) జన్మించారు.

ఆయన పదకొండో ఏటనే దివ్యఖుర్ఆన్‌ను కంఠస్థం చేశారు. ఆ తర్వాత గొప్ప పండితుల వద్ద హదీసు, ఫిఖ్హ్ శాస్త్రాలు అభ్యసించారు. నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఉద్యోగం దొరికింది. ఒకరోజు వడ్డీ వ్యవహారానికి సంబంధించిన కాగితాల సారాంశం రాయవలసి వచ్చింది. ఆ పాపంలో తన కలానికి భాగం ఉండకూడదని ఉద్యోగాన్నే వదులుకున్నారు.

1876లో కొందరు మిత్రులతో కలిసి హైదరాబాదులో ఒక మదరసా నెలకొల్పారు. అదే జామియా నిజామియా. పేదవాని బిడ్డ చదువుకు అడ్డుపడేది ఫీజు ఒక్కటే కాదు. వాడు బడికి వెళితే ఇంట్లో ఒక కూలి తగ్గుతుంది. దూరపు పట్నంలో ఉంచి చదివించాలంటే తిండి ఖర్చు కూడా భరించాలి. జామియాలో విద్యతో పాటు వసతి, భోజనం కూడా ఉచితంగా లభించడం వల్ల పల్లెల నుంచి వచ్చిన నిరుపేద పిల్లలు సైతం ఆలిములు కాగలిగారు.

తర్వాతి కాలంలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఆయన గురువయ్యారు. ఫజీలత్ జంగ్ బిరుదు పొందారు. ధార్మిక వ్యవహారాల మంత్రి పదవినీ నిర్వహించారు. రాజభవనంలో పాఠం చెప్పిన ఆ మహనీయుడు మదరసా చాపను మరువలేదు. 1888లో దాయిరతుల్ మఆరిఫ్ ప్రచురణ సంస్థ, 1891లో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడటంలోనూ ఆయన పాత్ర ఉంది. పుస్తకం కొనలేనివారికి కూడా ఆ గ్రంథాలయంలో చదువుకునే వీలు కలిగింది.

1918లో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. జామియా ప్రాంగణంలోనే ఆయనను ఖననం చేశారు. ఆ విద్యాలయం హైదరాబాదు శిబ్లీగంజ్‌లో నేటికీ నడుస్తోంది.

సోదర సోదరీమణులారా! మన వీధిలో బీడీలు చుట్టే తల్లి, జిన్నింగ్ మిల్లులో పత్తి మోసే తండ్రి తమ బిడ్డ చదువును ఏ తరగతిలో ఆపేశారో మనం ఎప్పుడైనా అడిగామా? మదరసాలు కట్టించే స్తోమత మనందరికీ లేకపోవచ్చు. కానీ ఒక అబ్బాయి పరీక్ష ఫీజు, ఒక అమ్మాయి బస్సు పాసు, ఒక ఇంటికి నెల సరుకులు మనకు భారం కావు. రమజాన్‌లో జకాత్ లెక్క కట్టేటప్పుడు అర్హులైన ఇలాంటి కుటుంబాలను మనం ముందుగా గుర్తు చేసుకుందాం. ఇచ్చిన సంగతి నలుగురిలో చెప్పి ఆ పిల్లల మనసు నొప్పించకుండా చూద్దాం.

అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.