దాచకుండా పరిగెత్తిన ద్యుతికి అభినందన

రియో ఒలింపిక్స్ వంద మీటర్ల ట్రాక్ మీద ద్యుతీ చంద్ నిలబడి 2026 ఆగస్టు 12 నాటికి పదేళ్లు. 1980లో మాస్కోలో పి.టి. ఉష పరిగెత్తాక, ఒలింపిక్స్‌లో ఆ పోటీకి మళ్లీ ఒక భారతీయురాలు రావడానికి 36 ఏళ్లు పట్టింది. ఇదే ఏడాది ఫిబ్రవరి 3న ఆమెకు ముప్ఫై ఏళ్లు నిండాయి. రెండు వేడుకలూ కలిసొచ్చిన ఈ సంవత్సరాన భూపాలపల్లి జిల్లా చెల్పూర్ నుంచి ఆమెకు నిండు మనసుతో అభినందనలు చెబుతున్నాం. పతకాలకూ రికార్డులకూ చెబుతున్నాం. అంతకన్నా ముందు, తన ఒంటిని గురించి గానీ మనసును గురించి గానీ దేన్నీ దాచుకోకుండా మైదానంలో నిలబడ్డందుకు చెబుతున్నాం.

ఒడిశా బిడ్డకు భూపాలపల్లి జిల్లా అభినందన ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ద్యుతి పరుగుకు పదును పెట్టింది మన హైదరాబాదే. కోచ్ నాగపురి రమేశ్ ఆమెను తీర్చిదిద్దారు. పుల్లెల గోపీచంద్ అకాడమీ ఆమెకు తలుపులు తెరిచింది. రమేశ్‌కు 2016లో ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. పాత వరంగల్ జిల్లాలోని కల్లెడ నుంచి వెళ్లిన జీవాంజి దీప్తిని పారాలింపిక్ పతకం దాకా నడిపించిందీ ఆయనే. 2024లో పారిస్‌లో దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినప్పుడు మన ఊళ్లన్నీ పొంగిపోయాయి. ఊరి మాటలు పడ్డ ఇద్దరు ఆడపిల్లలను ఒకే గురువు తీర్చిదిద్దారు. అందుకే ద్యుతి గెలుపులో మనకూ వంతుంది.

జాజ్‌పూర్ జిల్లా చాకా గోపాల్‌పూర్‌లో చక్రధర్, అఖూజీ దంపతులది నేత పని. మగ్గం మీద వచ్చే కూలితో ఏడుగురు పిల్లల్ని సాకారు. అక్క సరస్వతి అప్పటికే పరుగుల పోటీలకు వెళ్తుండేది. ఆమె వెంట బ్రాహ్మణి నది ఒడ్డున చెప్పులు లేని కాళ్లతో ద్యుతి పరుగు మొదలుపెట్టింది. 2006లో అక్కాచెల్లెళ్లిద్దరూ ప్రభుత్వ క్రీడా హాస్టల్‌లో చేరారు. 2013లో పుణె ఆసియా పోటీల్లో 200 మీటర్ల కాంస్యం దక్కింది. అదే ఏడాది ప్రపంచ యూత్ పోటీల్లో వంద మీటర్ల ఫైనల్ చేరింది. ప్రపంచ స్థాయిలో ఆ ఫైనల్ దాకా వెళ్లిన తొలి భారతీయ రన్నర్ ఆమే. 2014లో తైపీలో జరిగిన ఆసియా జూనియర్ పోటీల నుంచి రెండు స్వర్ణాలతో తిరిగొచ్చింది.

ఆ వెంటనే పిడుగు పడింది. ఒంట్లో సహజంగా ఊరే టెస్టోస్టిరాన్ ఎక్కువ ఉందంటూ 2014 జూలైలో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. 2011 నాటి అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఆమె ముందు రెండే దారులు. మందులతోనో శస్త్రచికిత్సతోనో ఆ హార్మోన్‌ను తగ్గించుకోవాలి, లేదంటే ఆడవాళ్ల పోటీలకు దూరం కావాలి. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒంటి సంగతి పత్రికలకెక్కింది. ఆడదా కాదా అని దేశమంతా నోటికొచ్చినట్టు మాట్లాడుకుంది. అలాంటి రోజుల్లో చాలామంది తలుపు మూసుకుని ఇంట్లో కూర్చుంటారు. ఆమె న్యాయం అడగడానికి స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌కు వెళ్లింది.

అక్కడి క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2015 జూలైలో తీర్పు చెప్పింది. సహజ హార్మోన్ వల్ల ఈ క్రీడాకారిణులకు ఆడవాళ్ల పోటీ నుంచి వెలివేయాల్సినంత మేలు జరుగుతోందనడానికి చాలినంత ఆధారం చూపలేదంటూ ఆ నిబంధనను రెండేళ్ల పాటు పక్కన పెట్టింది. 2018లో వచ్చిన కొత్త నిబంధన 400 మీటర్ల నుంచి మైలు దాకా ఉన్న పరుగులకే పరిమితమైంది కాబట్టి ద్యుతి పరుగెత్తే పోటీలు దాని కిందికి రాలేదు. 2023లో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ ఆంక్షలను అన్ని పోటీలకూ విస్తరించింది. పోరు ఇంకా ముగియలేదన్నమాట. అయినా, ఒక నేతకారుల బిడ్డ ఆధారం చూపించమని అడిగితే ప్రపంచ సంస్థ జవాబు చెప్పుకోవాల్సి వచ్చిన మాట చరిత్రలో నిలిచిపోయింది.

ఆ తీర్పు తెరిచిన దారిలోనే రియో వచ్చింది. 2016 జూన్‌లో కజకిస్తాన్‌లోని అల్మాటీలో 11.30 సెకన్లలో పరిగెత్తి ఒలింపిక్ అర్హత సాధించింది. రియోలో హీట్స్ దాటలేదు, 11.69 సెకన్ల దగ్గర ఆగింది. రెండేళ్లు తిరిగేసరికి జకార్తా ఆసియా క్రీడల్లో వంద మీటర్లను 11.32 సెకన్లలో ముగించి రజతం గెలిచింది. స్వర్ణానికీ ఆమెకూ మధ్య సెకనులో యాభయ్యో వంతే తేడా. 1986లో ఉష గెలిచాక ఆసియా క్రీడల్లో ఆ పరుగులో మన మహిళకు రజతం రావడం అదే మొదలు. మూడు రోజులకు 200 మీటర్లలోనూ రజతమే.

ఆ పతకాలు మెడలో పడి పట్టుమని పది రోజులు కాలేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై తీర్పు చెప్పింది. పెద్దలైన ఇద్దరు ఇష్టపడి ఒకటైతే, వాళ్లిద్దరూ ఆడవాళ్లే అయినా మగవాళ్లే అయినా, అది నేరం కాదంది. ఆ తీర్పు ఇచ్చిన ధైర్యంతో 2019 మేలో ద్యుతి తన ఊరి అమ్మాయినే ప్రేమిస్తున్నానని లోకానికి చెప్పింది. అలా బాహాటంగా చెప్పిన తొలి భారతీయ క్రీడాకారిణి ఆమే. కన్నతల్లి కాదంది. పరుగు నేర్పిన అక్క ఎదురు తిరిగింది. ఊరు తప్పుపట్టింది. కోర్టు నేరం కాదన్నా ఇంటి గడప దాటని మాటలు కొన్ని ఉంటాయి. ద్యుతి ఆ మాటను వెనక్కి తీసుకోలేదు.

అది ఎంత బరువైన మాటో ఫుట్‌బాల్ చరిత్ర చూస్తే అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో జస్టిన్ ఫషాను 1990లో తాను స్వలింగ ప్రియుడినని చెప్పాడు. పది లక్షల పౌండ్లు పలికిన తొలి నల్లజాతి ఆటగాడతను. ఆ తర్వాత అతనికి మిగిలింది హేళనే. 1998లో ప్రాణం తీసుకున్నాడు. మళ్లీ ఆ దేశంలో ఆడుతున్న ప్రొఫెషనల్ ఆటగాడొకడు, పదిహేడేళ్ల జేక్ డేనియల్స్, అదే మాట చెప్పడానికి 2022 రావాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఆస్ట్రేలియాలో జాష్ కవాలో నోరు విప్పాడు. కోట్ల ఆదాయం, లక్షల అభిమానులు ఉన్న ఆటలోనే ఇంత మౌనముంటే, ద్యుతి లాంటి పల్లె పిల్లకు ఎంత గుండె కావాలి!

ద్యుతి గుండె ఎంతటిదో 2019 జూలైలోనే కనిపించింది. 7వ తేదీన ప్రపంచకప్ ఫైనల్ గెలిచిన అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టులో, తన ప్రేమను బాహాటంగా చెప్పిన మేగన్ రపినో టోర్నీకే ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. రెండే రోజులకు, 9న, ఇటలీలోని నేపుల్స్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల వంద మీటర్ల స్వర్ణం ద్యుతి గెలిచింది. తన ప్రేమ సంగతి లోకానికి చెప్పిన రెండు నెలల్లోపే వచ్చిన స్వర్ణమది. 2020లో అర్జున వచ్చింది. 2021 జూన్‌లో పటియాలాలో 11.17 సెకన్ల జాతీయ రికార్డు, ఆపై టోక్యో ఒలింపిక్స్. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ప్రారంభ వేడుకలో బ్రిటన్ డైవర్ టామ్ డేలీతో కలిసి ఇంద్రధనుస్సు జెండా పట్టుకుని నడిచింది. ఎనిమిదేళ్ల కింద తనకు చోటు లేదన్న కామన్వెల్త్ వేడుకే అది.

మచ్చ ఉంది, అదీ చెప్పుకోవాలి. నిషేధిత ఉత్ప్రేరకాలు పరీక్షలో బయటపడటంతో 2023 జనవరి నుంచి లెక్కకట్టి నాలుగేళ్ల నిషేధం పడింది. దాన్ని కప్పిపుచ్చే అవసరం ఈ అభినందనకు లేదు. ఆ శిక్ష ఆటకు సంబంధించిన తప్పుకు. ఆమె ఒంటి తీరుకు గానీ ప్రేమకు గానీ దానితో ముడిపెట్టే హక్కు ఎవరికీ లేదు. లొసాన్‌లో గెలిచిన న్యాయం, ఊరి ముందు చెప్పిన నిజం ఆ తప్పుతో చెరిగిపోవు.

ఇప్పుడు మన ఊరి మాట. చెల్పూర్‌లో కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపించే రోడ్ల మీద పోలీసు ఉద్యోగాల కోసం అమ్మాయిలు తెల్లారకముందే 800 మీటర్లు సాధన చేస్తారు. వాళ్లలో ఒకరి నడక, గొంతు, జుట్టు చూసి మగరాయుడంటూ నవ్వే నోళ్లున్నాయి. ఒక అమ్మాయి పెళ్లి వద్దంటే కారణం అడగకుండానే ముహూర్తం పెట్టే ఇళ్లున్నాయి. హైదరాబాద్‌లో కలిసి బతుకుతున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబర్‌లో కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. చట్టం ఎప్పుడు మారుతుందో మన చేతిలో లేదు. పిల్లల్ని చూసి ఎవరూ నవ్వకుండా చూడటం, వాళ్ల మాట వినడం ఈ పూటే మన చేతిలో ఉంది. పీఈటీ సార్లకూ తల్లిదండ్రులకూ ద్యుతి కథ చెప్పేది అదే.

ద్యుతీ చంద్ గారూ, పదేళ్ల కిందటి రియో పరుగుకు, ముప్ఫై ఏళ్ల బతుకుకు చెల్పూర్ తరఫున చేతులెత్తి అభినందనలు. మీరు మళ్లీ ట్రాక్ ఎక్కినా, పిల్లలకు పరుగు నేర్పినా మా దీవెన మీ వెంట ఉంటుంది. మీరు కోరుకున్న మనిషితో, మీరు కోరుకున్నట్టు, నిండు నూరేళ్లు చల్లగా ఉండండి. మా పిల్లల్లో ఒకరు రేపు మీలాగే నిజం చెబితే, మీ ఊరు తప్పుపట్టినట్టు మా ఊరు తప్పుపట్టదని మాట ఇస్తున్నాం.