బాటసారి ఫాహియాన్

పూర్వము చీనాదేశమున, నేటి షాన్సీ రాష్ట్రమందు, ఒక గృహస్థునకు ముగ్గురు కుమారులు పుట్టి పాలపండ్లు ఊడక మునుపే మరణించిరి. నాలుగవ కుమారుడైనను దక్కవలెనని తలచి, ఆ తండ్రి బిడ్డకు మూడేండ్ల ప్రాయముననే వానిని బౌద్ధసంఘమునకు సమర్పించెను. ఆ బాలుడే అనంతరకాలమున ఫాహియాన్ అను పేర లోకప్రసిద్ధుడయ్యెను. ఆయన క్రీ. శ. 337 ప్రాంతమున జన్మించెనని చెప్పుదురు.

పదియేండ్ల వయస్సున ఫాహియాన్‌కు పితృవియోగము కలిగెను. దిక్కులేని తల్లికి తోడుగా నుండుటకై విహారమును విడిచి రమ్మని పినతండ్రి కోరెను. బాలుడందుకు సమ్మతింపలేదు. తండ్రి పంపినందున మాత్రమే తాను విహారమున లేననియు, ఆ జీవితమును మనసార కోరుకొంటిననియు అతడు తెలియజేసెను. ఒకనాడు అతడు తోడి శిష్యులతో పొలమున వరికోయుచుండగా ఆకలిగొన్న దొంగలు కొందరు వచ్చి పైబడిరి. తక్కినవారందరు పారిపోయిరి. ఫాహియాన్ మాత్రము నిలిచి, కావలసిన ధాన్యమును తీసికొనుడని వారితో చెప్పెను. పూర్వము దానము చేయనందుననే వారికి ఈ లేమి కలిగినదనియు, ఇప్పుడు మరల దోచినచో ముందు జన్మమున ఇంతకంటె గొప్ప లేమి కలుగునేమోయని తనకు విచారముగా నున్నదనియు పలికి మెల్లగా వెడలిపోయెను. దొంగలు ధాన్యమును అక్కడనే విడిచి పోయిరట. భయపడి పరుగెత్తకుండుట, చెప్పదలచినది నెమ్మదిగా చెప్పుట, ఈ రెండు గుణములును ఆయనను కడవరకు విడువలేదు.

ఫాహియాన్ పెద్దవాడై పూర్ణభిక్షువయ్యెను. నాటి చీనాదేశమున బౌద్ధమతము వ్యాపించియుండెను గాని, భిక్షువులు అనుసరింపవలసిన నియమములను తెలుపు వినయగ్రంథములు సమగ్రముగా లేకుండెను. ఉన్న ప్రతులు శిథిలములు, అసంపూర్ణములు. ఎట్లు నడుచుకొనవలెనో తెలియక భిక్షువులు తమకు తోచినట్లు నడుచుకొనుచుండిరి. ఇది ఆయన మనస్సును మిక్కిలి బాధించెను. ఆ గ్రంథములను వాని జన్మభూమియైన భారతదేశమునకే పోయి తేవలెనని ఆయన నిశ్చయించుకొనెను. అప్పటికాయనకు అరువదియేండ్లు దాటినవి.

399వ సంవత్సరమున ఫాహియాన్ చాంగాన్ నగరము నుండి బయలుదేరెను. హుయిచింగ్, తావోచింగ్, హుయియింగ్, హుయివేయ్ అను నలుగురు మిత్రులు ఆయనతో నడచిరి. వారివెంట సేనలు లేవు, ధనము లేదు, పోవలసిన దేశముల భాషలు వారికి రావు. మార్గమధ్యమున మరికొందరు భిక్షువులు వారిని కలిసికొనిరి.

నాటి చీనాదేశపు పశ్చిమ సరిహద్దున టున్‌హ్వాంగ్ అను పట్టణము ఉండెను. అచ్చటి అధికారి వారికి ఎడారి ప్రయాణమునకు కావలసిన సామగ్రి నిచ్చి పంపెను. అది మొదలు 17 దినములు వారు ఇసుకలోనే నడచిరి. ఆకసమున ఒక పక్షి లేదు, నేలపై ఒక మృగము లేదు. వడగాడ్పు వీచినచో ఎవరును బ్రతుకరని ప్రతీతి. ఎటు చూచినను దారి కనబడదు. అంతకు మునుపు ఆ ఎడారిలో మరణించినవారి ఎముకలే బాటసారులకు గుర్తులు. అట్టి గుర్తులను చూచుకొనుచు నడచినవారికి తమ గతియు అట్లగునేమోయను భయము కలుగకుండునా? అయినను వారు ముందుకే పోయిరి.

ఎడారి దాటిన పిమ్మట ఒక చిన్న రాజ్యమున వారికి ఆదరణ లభింపలేదు. ప్రయాణపు ఖర్చు సమకూర్చుకొనుటకై హుయివేయ్ మరి ఇద్దరితో కలిసి వేరొక పట్టణమునకు మరలిపోయెను. తక్కినవారు మరియొక ఎడారిని నెల 5 దినములలో దాటి ఖోటాన్ చేరిరి. అచ్చట వేలకొలది భిక్షువులు ఒక్క శబ్దమైనను చేయక పంక్తులుగా కూర్చుండి భుజించుట చూచి వారు ఆశ్చర్యపడిరి. నియమమనగా ఎట్లుండునో వారి కన్నులకు కనబడెను.

అటుపిమ్మట పామీరు పర్వతములు. అందు వేసవియందును మంచు కరుగదు. సింధునదీ లోయలో వారు దాటిన మార్గము మరింత భయంకరమైనది. నిట్టనిలువుగానున్న కొండచరియలను తొలిచి పూర్వులు మెట్లు చేసియుండిరి. అట్టి మెట్లు 700 దిగి, త్రాళ్లతో కట్టిన వంతెనపై నదిని దాటవలసియుండెను. క్రిందికి చూచినచో తల తిరుగును. అడుగు వేయబోయినచో కాలు నిలుచుటకు చోటుండదు. ఆ వంతెన దాటి, ఉద్యాన గాంధార దేశముల మీదుగా వారు పురుషపురమును చేరుకొనిరి. అదియే నేటి పాకిస్తానునందలి పెషావరు.

ఇచ్చటనే ఆ మిత్రబృందము చెదరిపోయెను. ముందుగా పోయిన హుయిచింగ్ నగరహార దేశమున జబ్బుపడగా, తావోచింగ్ అతని చెంతనే నిలిచి పరిచర్య చేయుచుండెను. ఎడారి దారిలో కలిసినవారిలో ముగ్గురు స్వదేశమునకు మరలిపోయిరి. హుయియింగ్ పురుషపుర విహారమున మరణించెను. ఫాహియాన్ ఒంటరిగా బయలుదేరి నగరహారము చేరి, అక్కడి మిత్రులిద్దరిని కలిసికొనెను. ఇక మిగిలినది ముగ్గురే.

చలికాలమున ఆ మువ్వురును దక్షిణముగా మంచుకొండలను దాటసాగిరి. కొండ ఉత్తరపు నీడలో హఠాత్తుగా అతిశీతలమైన గాలి వీచెను. అందరును వణకుచు నోట మాటరాక నిలిచిపోయిరి. జబ్బునుండి కోలుకొనిన హుయిచింగ్ ఆ చలికి తట్టుకొనలేకపోయెను. అతని నోట తెల్లని నురుగు వచ్చెను. తానిక బ్రతుకననియు, తనకొరకు ఆగినచో అందరును చత్తురనియు, వెంటనే వెడలిపొండనియు చెప్పి అతడు ప్రాణము విడిచెను. ఫాహియాన్ మిత్రుని దేహమును నిమురుచు బిగ్గరగా ఏడ్చెను. కాని నిలుచుటకు సమయము లేదు. మృతుడైన మిత్రుని కడపటి కోరికయు నిలువవలదనియే. ఫాహియాన్, తావోచింగ్ ఇద్దరును శక్తినంతయు కూడదీసికొని కొండ దాటిరి.

పంజాబునందలి భిక్షువులు ఈ ఇద్దరు అపరిచితులను చూచి జాలిపడిరి. ఎక్కడనో సరిహద్దు భూములందు పుట్టినవారు ధర్మముకొరకు ఇంతదూరము నడచివచ్చిరిగదా యని వారికి కావలసినవన్నియు సమకూర్చిరి. అచ్చటినుండి మిత్రులిరువురును మథుర, కన్యాకుబ్జములు చూచి మధ్యదేశమున సంచరించిరి. అప్పుడు ఉత్తర భారతమును ఏలుచుండినవాడు గుప్తరాజైన రెండవ చంద్రగుప్తుడు. ఫాహియాన్ తన గ్రంథమున ఆయన పేరైనను వ్రాయలేదు. ప్రజల నడవడినే ఎక్కువగా వ్రాసెను. మరణశిక్ష లేదనియు, నేరములకు జుల్మానా వేయుదురనియు, పాటలీపుత్రమున బీదలకును రోగులకును ఉచితముగా అన్నము, మందులు ఇచ్చు శాలలు కలవనియు ఆయన మెచ్చుకొనెను. చండాలురను ఊరివెలుపల ఉంచిరనియు, వారు పట్టణమున ప్రవేశించునపుడు ఇతరులు తప్పుకొనుటకై కొయ్యను తట్టి చప్పుడు చేయవలసియుండెననియు దాచక వ్రాసెను. మంచిని, చెడ్డను చూచినది చూచినట్లు వ్రాసినందుననే చరిత్రకారులకు ఆయన మాటపై గౌరవము కలిగినది.

బుద్ధుడు బహుకాలము నివసించిన శ్రావస్తీనగరపు జేతవనమున అడుగిడినప్పుడు మిత్రులిరువురి హృదయములును బరువెక్కెను. తమతో బయలుదేరినవారిలో కొందరు మరలిపోయిరి, కొందరు మరణించిరి. ఇక్కడ నిలిచినది తామిద్దరే. వారు చీనానుండి వచ్చిరని విని అచ్చటి భిక్షువులు విస్మయమందిరి. తమ గురుపరంపరలో చీనా భిక్షువు ఆ చోటికి వచ్చినట్లు వారెన్నడును వినియుండలేదు.

మిత్రులు కపిలవస్తు, కుశీనగరము, వైశాలి, రాజగృహము, గయ, కాశి మొదలగు స్థలములను దర్శించిరి. ఫాహియాన్ వచ్చిన పని మాత్రము తేలికగా నెరవేరలేదు. ఉత్తరదేశమున వినయమును గురువు నోట చెప్పగా శిష్యుడు కంఠస్థము చేయుటయే కాని, వ్రాతప్రతి దొరకలేదు. తుదకు పాటలీపుత్రమున ఒక మహాయాన విహారమందు మహాసాంఘికుల వినయగ్రంథము లభించెను. వృద్ధుడైన ఫాహియాన్ అచ్చట 3 వత్సరములు నిలిచి, సంస్కృతము నేర్చి, గ్రంథములను స్వహస్తముతో వ్రాసికొనెను.

అచ్చటనే చివరి వియోగము సంభవించెను. తావోచింగ్ భారత భిక్షువుల గంభీరమైన నడవడిని, నియమనిష్ఠను చూచి ముగ్ధుడయ్యెను. స్వదేశమందలి లోపములను తలచుకొని వ్యథపడెను. బుద్ధత్వము పొందువరకు ఇక సరిహద్దు దేశమున జన్మింపకుందునుగాక యని కోరుకొని, భారతదేశముననే నిలిచిపోయెను. ఫాహియాన్ సంకల్పము వేరు. తాను కనుగొన్నదానిని తనవారికి అందజేయవలెనని ఆయన బయలుదేరియుండెను. ఎడారిని, త్రాటివంతెనను, మంచుకొండను కలిసి దాటిన మిత్రులు అక్కడ విడిపోయిరి. తావోచింగ్‌ను తప్పుపట్టు మాట ఒక్కటియు ఫాహియాన్ వ్రాయలేదు.

దక్షిణాపథమును చూడవలెనని ఆయనకు కోరిక లేకపోలేదు. కాని ఆ దారులు కఠినములు. రాజునకు కానుకలిచ్చి, ఆయన పంపు మనుష్యుల సాయముతో పోవలెను. బిచ్చమెత్తు భిక్షువునకు అది సాధ్యమగునా? కావున ఆయన దక్షిణదేశమును గూర్చి విన్నది మాత్రమే వ్రాసెను. 200 సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట వచ్చిన హ్యూన్‌త్సాంగ్ మన ఆంధ్రదేశమున ధాన్యకటకమును దర్శించెను.

ఫాహియాన్ ఒంటరిగా తామ్రలిప్తి రేవు చేరి 2 ఏండ్లు గ్రంథములు వ్రాసికొని, వర్తకుల ఓడ ఎక్కి 14 దినములకు సింహళము చేరెను. ఒకనాడు అనురాధపురమున అభయగిరి విహారమందు, పచ్చరాతి బుద్ధవిగ్రహము చెంత ఒక వర్తకుడు చీనాదేశపు తెల్లపట్టు విసనకఱ్ఱను కానుకగా నుంచుట ఆయన కంటబడెను. స్వదేశపు కొండగాని, చెట్టుగాని చూచి ఎన్ని ఏండ్లయ్యెను! తోడివారిలో ఒక్కరును చెంత లేరు. దొంగలకు జంకని ఆ ముదుసలి కన్నుల వెంట నీరు కారెను. సింహళమున మహీశాసకుల వినయమును సంపాదించి, 2 ఏండ్ల తరువాత ఆయన తిరుగుప్రయాణము సాగించెను.

ఓడలో 200 మందికి పైగా ఉండిరి. తుపాను పట్టి ఓడకు చిల్లిపడెను. ప్రాణభీతిచే వర్తకులు బరువైన సరకులను సముద్రములో పారవేయసాగిరి. ఫాహియాన్ తన కూజాను, పళ్లెమును తానే విసరివేసెను. ఎక్కడ తన గ్రంథములను పారవేయుదురోయని ఆయన భయము. 13 దినములకు ఒక ద్వీపము కనబడగా చిల్లిని పూడ్చుకొనిరి. 90 దినములకు యవద్వీప ప్రాంతము చేరిరి. అచ్చట 5 నెలలు నిలిచి మరియొక ఓడ ఎక్కగా మరల తుపాను. ఈ భిక్షువు మూలముననే ఇడుమలు కలిగినవని, ఆయనను ఏదేని దీవిలో దింపివేయుదమని తోడి ప్రయాణికులు కొందరు తలపెట్టిరి. ఒక వర్తకుడు అడ్డుపడెను. భిక్షువును దింపదలచినచో తనను కూడ దింపుడనియు, లేనిచో చంపుడనియు, చీనా చేరిన పిమ్మట రాజునకు తెలుపక మాననియు పలికెను. వారు వెనుదీసిరి. మంచినీరు తరిగి, సముద్రపు నీటితోనే వంటచేసికొనవలసి వచ్చెను.

తుదకు 412వ సంవత్సరమున ఓడ ఒక తీరము చేరెను. అది ఏ దేశమో ఎవరికిని తెలియదు. గట్టున పెరిగిన ఆకుకూరను గుర్తుపట్టి ఫాహియాన్ అది చీనాయే యని గ్రహించెను. అది షాన్‌టుంగ్ మండలపు సముద్రతీరము. ఏటిముఖమున అగుపించిన ఇద్దరు వేటగాండ్రను పలుకరించి ఆయన ఆ సంగతిని రూఢిచేసికొనెను. ఆ పలుకరింపులో ఎన్నో ఏండ్ల తరువాత తన భాష ఆయన చెవిని బడెను.

ఆయన దాటివచ్చిన రాజ్యములు ఇంచుమించు 30. దేశము చేరిన పిమ్మట విశ్రాంతి గైకొనక, నేటి నాన్‌కింగ్ నగరమున బుద్ధభద్రుడను భారతీయ భిక్షువుతో కూడి గ్రంథములను చీనాభాషలోనికి అనువదింపసాగెను. మహాసాంఘిక వినయము 418 నాటికి పూర్తియయ్యెను. సింహళమునుండి తెచ్చిన గ్రంథమును అనువదించుటకు ఆయనకు ఆయువు చాలలేదు. ఎనుబది దాటిన వయస్సున, 422 ప్రాంతమున, ఆయన మరణించెను. మిగిలిన గ్రంథమును తరువాతివారు అనువదించిరి.

తన యాత్రను గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము మాత్రము దేశదేశములకు పాకెను. 1836లో అది ఫ్రెంచి భాషలో వెలువడెను. అటుపిమ్మట కన్నింగ్‌హామ్ మొదలగు పురాతత్త్వవేత్తలు ఆ పుస్తకమును, హ్యూన్‌త్సాంగ్ వ్రాతలను చేతబట్టుకొని మనదేశమున మరుగుపడిన ప్రాచీన బౌద్ధస్థలములను వెదకి కనుగొనిరి. మనము మరచిన మన ఊళ్లకు ఒక పరదేశి దారి చూపెను.

మంచుకొండపై మరణించిన హుయిచింగ్‌కు అక్కడ గుర్తేదియు లేదు. పాటలీపుత్రమున నిలిచిపోయిన తావోచింగ్ అటుపిమ్మట ఏమయ్యెనో చెప్పువారు లేరు. అయినను వారి పేరులు నేటికిని మన నాలుకపై నున్నవి. ఒంటరిగానైనను ఇల్లు చేరి, తోడు నడచినవారిని మరువక వ్రాసిన మిత్రుడొకడు వారికి ఉండుటయే అందుకు కారణము.