జూలూల సేవలో గాంధీజీ

రేపల్లె, బాపట్ల ప్రాంతములందలి సముద్రతీర గ్రామములలో పూర్వము చుట్టిండ్లు విరివిగా ఉండెడివి. గుండ్రని మట్టిగోడ, దానిపై గొడుగువలె వాలిన తాటాకు కప్పు, వంగి లోనికి పోవలసిన చిన్న ద్వారము, పేడతో అలికిన నేల - ఇదియే చుట్టిల్లు. ఇంచుమించు ఇట్టి గుండ్రని ఇండ్లలోనే, సముద్రమున కావల, ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమున జూలూ జాతివారు నివసించుచుండిరి. ఒకప్పుడు ఆ జూలూలు గాయపడి, దిక్కులేక పడియున్న వేళ, ఒక భారతీయ న్యాయవాది తన చేతులతో వారి పుండ్లు కడిగి కట్లు కట్టెను. ఆయనయే మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

గాంధీజీ 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన పోర్‌బందరులో జన్మించిరి. ఇంగ్లండులో న్యాయశాస్త్రము చదివిరి. 1893లో దాదా అబ్దుల్లా అను వర్తకుని వ్యాజ్యము నిమిత్తమై దక్షిణాఫ్రికాకు పోయి, నేటాల్ సీమలోని డర్బన్ రేవున దిగిరి. కొలది దినములకే, మొదటి తరగతి టిక్కెట్టు చేత నున్నను, తెల్లవాడు కాడను కారణముచే పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషనులో ఆయనను రైలు నుండి దింపివేసిరి. ఒక్క యేడాది కొరకు పోయిన గాంధీజీ, నడుమ స్వదేశమునకు వచ్చి పోవుచున్నను, 1914 వరకు ఆ దేశమునే కార్యక్షేత్రముగా చేసికొనిరి.

ఆ దేశమున మన తెలుగువారును ఉండిరి. నేటాలులోని చెరకుతోటలకు పనివారు కావలసి, తెల్లదొరలు భారతదేశము నుండి ఐదేండ్ల ఒప్పందముపై కూలీలను రప్పించిరి. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి మొదటి కూలీలను డర్బనునకు చేర్చెను. 1911 వరకు లక్షా ఏబది వేలకు పైగా జనము అట్లు తరలిపోయిరి. వారిలో పెక్కుమంది మద్రాసు రేవున ఓడ నెక్కిన తమిళులు, తెలుగువారు. ఒప్పందమునకు మరియొక పేరు గిర్మిట్. కావున వారికి గిర్మిట్ కూలీలని పేరు వచ్చెను.

డర్బనులో పార్సీ రుస్తుంజీ యొక్క ధనసహాయముతో, డాక్టరు బూత్ అను వైద్యుని పర్యవేక్షణలో ఒక చిన్న ధర్మాసుపత్రి వెలసెను. గాంధీజీ తన న్యాయవాద వృత్తిని కొంత తగ్గించుకొని, దినమునకు గంట, రెండు గంటలు అచ్చట కాంపౌండరుగా ఊడిగము చేసిరి. రోగుల బాధ నడిగి తెలిసికొని వైద్యునకు చెప్పుట, మందు కలిపి యిచ్చుట ఆయన పని. వచ్చెడివారిలో ఎక్కువమంది తమిళ, తెలుగు, ఉత్తరదేశపు గిర్మిట్ కూలీలే. అంతకుముందు సభలలోను, అర్జీలలోను మాత్రమే వారి కష్టముల నెరిగిన గాంధీజీ, ఇప్పుడు వారి శరీరములపై నున్న పుండ్లలో ఆ కష్టములను చూచిరి.

1899లో ఆంగ్లేయులకును బోయర్లకును యుద్ధము వచ్చెను. గాంధీజీ ఇంచుమించు 1,100 మంది భారతీయులతో క్షతగాత్రుల సేవాదళమును కూర్చిరి. అందులో అధికసంఖ్యాకులు గిర్మిట్ కూలీలే. వారు గాయపడిన సైనికులను డోలీలపై మోయుచు, ఒక్కొక్కప్పుడు దినమునకు ఇరువది, ఇరువదియైదు మైళ్లు నడచిరి.

1905లో నేటాల్ ప్రభుత్వము వయోజన పురుషులపై నొక పౌను తలపన్ను విధించెను. 1906లో జూలూలు ఎదురు తిరిగిరి. వారి నాయకులలో బంబాతా అనునతడు ప్రసిద్ధుడు. ఆ దినములలో గాంధీజీ ఆంగ్ల సామ్రాజ్యము లోకమునకు మేలు చేయుచున్నదని నమ్మియుండిరి. కావున ఇరువదిమందికి పైబడిన చిన్న దళముతో ప్రభుత్వపక్షమున సేవకు పోయిరి. ఆయనకు సార్జెంట్ మేజర్ పదవి లభించెను.

అచ్చట ఆయన తలచినది యొకటి, కన్నది వేరొకటి. అది యుద్ధముగా తోచలేదు. నిరాయుధుల వేటగా తోచెను. గాయపడిన జూలూలలో అనేకులు పోరాడినవారే కారు. అనుమానముపై పట్టుబడి కొరడాదెబ్బలు తిన్నవారు కొందరు. పొరపాటున తుపాకిగుండ్లకు గురియైన మిత్రపక్షమువారు కొందరు. వారి పుండ్లు చీము పట్టియుండెను. తెల్లవారు వారిని తాకుటకు ఇష్టపడరైరి. గాంధీజీ దళమువారు దినములకొలది ఆ పుండ్లను కడిగి కట్లు కట్టిరి. ఒకరి భాష యొకరికి తెలియదు. అయినను కృతజ్ఞత జూలూల కన్నులలో స్పష్టముగా కానవచ్చెను.

గాంధీజీ తొలినాటి వ్రాతలలో ఆఫ్రికావాసులను తక్కువ చేసిన మాటలు కలవు. ఆ దోషమును దాచిపెట్టనక్కరలేదు. డోలీ మోయుచు జూలూ పల్లెలగుండ నడచిన పిదప ఆయన చూపు మారసాగెను. పశువుల దొడ్డి నడుమ నుండగా, దాని చుట్టును గుండ్రని యిండ్లు కట్టుకొని బంధువులందరు కలిసి నివసించుట, మొక్కజొన్నయే ముఖ్యాహారముగా మితముగా బ్రదుకుట, మధురమైన వారి భాష - ఇవన్నియు ఆయన మనస్సున నిలిచెను. పదునారేండ్లకు పైగా గడచిన పిమ్మట, ఎరవాడ చెరసాలలో దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రను వ్రాయ మొదలిడినప్పుడు, జూలూల రూపమును, ఇండ్లను, భాషను గౌరవముతో వర్ణించిరి.

నిర్జనమైన ఆ కొండదారులలో నడచుచునే, తన జీవితమును సంపూర్ణముగా సేవకు అర్పింపవలెనని గాంధీజీ నిశ్చయించుకొనిరి. ఆ యేడాదియే సెప్టెంబరు 11న జోహాన్నెస్‌బర్గ్ సభలో భారతీయులు అన్యాయపు చట్టమునకు లోబడమని ప్రతిజ్ఞ చేసిరి. అదియే సత్యాగ్రహమునకు నాంది.

1913 మే నెలలో బాపట్లలో తెలుగువారు ప్రథమాంధ్ర మహాసభ జరుపుకొనిరి. అదే సంవత్సరము చివర, నేటాలులో గిర్మిట్ కూలీలు మూడు పౌనుల పన్నును రద్దు చేయవలెనని పని మానిరి. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు గాంధీజీ వెంట సరిహద్దు దాటి నడచిరి. మరుసటి యేట ఆ పన్ను రద్దయ్యెను. 1914 జూలైలో గాంధీజీ ఆ దేశమును వీడిరి.

1921 ఏప్రిలులో గాంధీజీ బెజవాడ కాంగ్రెసు సమావేశము ముగిసిన పిదప చీరాలకు వచ్చిరి. తెనాలి, బాపట్ల దాటిన పిమ్మట ఆ రైలుమార్గముపైననే చీరాల యున్నది. పురపాలక సంఘపు పన్నులను భరింపలేని చీరాల, పేరాల ప్రజలు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఊరు విడిచి, వెలుపల పాకలు వేసికొని ఇంచుమించు పదునొకండు నెలలు నివసించిరి. ఆయన కూర్చిన రామదండు స్వచ్ఛందసేవకులు వారికి అండగా నిలిచిరి. నేటాలు కొండలలో మొలచిన విత్తనము మన తీరమున నీవిధముగా ఫలించెను.

1948 జనవరి 30న గాంధీజీ హంతకుని తుపాకికి బలియైరి. పరదేశమునకు సేవ చేయ బోవువాడు అచ్చటివారికి కొంత ఇచ్చును. కాని వారి యింటి వాకిట వంగి లోనికి పోగలిగినచో, ఇచ్చినదానికంటె ఎక్కువ నేర్చుకొని తిరిగివచ్చును. గాంధీజీ జీవితము ఇందులకు నిదర్శనము.