గణిత విదుషి ఎమ్మీ నోథర్

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకొను తెలుగు యువతీయువకులు అనేకులు గలరు. వారిలో గణితమును ఐచ్ఛిక విషయముగా గైకొన్నవారు సమూహములు, వలయములు, ఆదర్శములు, క్షేత్రములు అను ప్రకరణములను తప్పక పఠింపవలసియుండును. విశ్వవిద్యాలయములలో అమూర్త బీజగణితమను పేర బోధింపబడు శాస్త్రమిదియే. తొలిసారి చదువువారికి ఇది అంకెలు లేని గణితమువలె తోచి భీతి గొలుపును. ఈ శాస్త్రమునకు నేటి రూపము నొసగినవారిలో అగ్రగణ్యురాలు ఎమ్మీ నోథర్.

ఆమె 1882 మార్చి 23వ తేదీన జర్మనీ దేశమందలి ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి మాక్స్ నోథర్ అచ్చటి విశ్వవిద్యాలయమున గణితాచార్యుడు. బాలికల పాఠశాలలలో ఆంగ్లమును, ఫ్రెంచిని బోధించుటకు వలసిన పరీక్షలలో 1900లో ఆమె ఉత్తీర్ణురాలయ్యెను. కాని మనస్సు గణితముపై లగ్నమయ్యెను. ఆనాడు ఆ విశ్వవిద్యాలయమున స్త్రీలకు విద్యార్థినులుగా పేరు నమోదు చేసికొను హక్కు లేదు. ఒక్కొక్క ఆచార్యుని అనుమతి వేడి, తరగతిలో కూర్చుండి వినవలసినదే. 1904లో ప్రవేశము లభింపగా, 1907లో పాల్ గోర్డన్ పర్యవేక్షణమున డాక్టరు పట్టమునకై పరిశోధన ముగించెను. తరువాత సుమారు ఏడేండ్లు అచ్చటనే జీతము లేక పనిచేసెను.

1915లో హిల్బర్ట్, క్లైన్ అను ఆచార్యులు ఆమెను గొటింగెన్ విశ్వవిద్యాలయమునకు ఆహ్వానించిరి. స్త్రీకి బోధనాధికారమిచ్చుటకు అచ్చటి అధ్యాపకులలో పలువురు సమ్మతింపలేదు. అందువలన పాఠములు హిల్బర్ట్ పేరిట ప్రకటింపబడుచుండెను. చెప్పునది మాత్రము ఆమె. 1918లో ప్రకృతియందలి సౌష్ఠవమునకును, శక్తి నిత్యత్వము మొదలగు నియమములకును గల సంబంధమును ఆమె నిరూపించెను. అయినను 1919లో గాని బోధనాధికారము లభింపలేదు.

బీజగణితమున ఆమె చూపిన మార్గము సులభముగనే గ్రహింపదగినది. పూర్ణాంకములను కూడినను, తీసివేసినను, గుణించినను ఫలితము పూర్ణాంకమే. బహుపదుల సంగతియు నంతియే. ఇట్టి నియమములు చెల్లు సముదాయము వలయము. పూర్ణాంకములలో సరిసంఖ్యలు ఒక ఆదర్శము: రెండు సరిసంఖ్యల మొత్తము సరిసంఖ్య; సరిసంఖ్యను ఏ పూర్ణాంకముతో గుణించినను వచ్చునది సరిసంఖ్యయే. ఒకదానికంటె నొకటి పెద్దదగుచు సాగు ఆదర్శముల వరుస ఎచ్చటనో నిలిచిపోవుననెడి ఒక్క నియమము నాధారముగా గొని, 1921లో ఆమె విశాలమైన సిద్ధాంతమును నిర్మించెను. మూలకములు ఎట్టివని గాక, అవి ఏ నియమములను పాటించుచున్నవని విచారించుటయే ఆమె పద్ధతి. అట్లు ఒకసారి నిరూపించినది సంఖ్యలకును, బహుపదులకును సమానముగా చెల్లును.

1924లో గొటింగెన్ వచ్చిన డచ్ యువకుడు వాన్ డెర్ వేర్డెన్ ఆమె పాఠములను, ఎమిల్ ఆర్టిన్ పాఠములను ఆధారముగా గొని 1930, 1931 సంవత్సరములలో ఆధునిక బీజగణితమును రెండు సంపుటములుగా ప్రకటించెను. నేటి కళాశాల పాఠ్యక్రమములు చాలవరకు ఆ బాటనే నడచుచున్నవి.

1932లో జూరిచ్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభయందు ప్రధానోపన్యాసమిచ్చిన తొలి స్త్రీ ఆమెయే. మరుసటి యేడు నాజీ ప్రభుత్వము యూదు సంతతివారిని పదవులనుండి తొలగించినపుడు ఆమెయు కొలువు గోల్పోయెను. అయినను శిష్యులను ఇంటికి రప్పించి చర్చలు సాగించెను. పిమ్మట అమెరికాలోని బ్రిన్ మార్ మహిళా కళాశాలలో చేరి, 1935 ఏప్రిల్ 14న శస్త్రచికిత్సానంతరము 53వ యేట కన్నుమూసెను. పేరును గాక నియమమును చూడవలెనని బోధించిన విదుషిని లోకము స్త్రీయనియు, యూదు సంతతియనియు చూచుట శోచనీయము.

అదే 1935లో, నాజీల వలననే లైప్‌జిగ్‌లో ఉద్యోగము గోల్పోయిన ఎఫ్. డబ్ల్యూ. లేవీ కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా చేరెను. ఆయనవద్ద ఆధునిక బీజగణితము నేర్చిన రాజ్ చంద్ర బోస్, పరిమిత క్షేత్రములను సాంఖ్యక శాస్త్రమందలి ప్రయోగరచనకు వినియోగించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి 1941లో కలకత్తా చేరిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు ఆ మార్గమును మరింత ముందునకు గొనిపోయిరి.

కావున అమూర్త బీజగణితమును చూచి విద్యార్థులు బెదరనక్కరలేదు. ఎరిగిన సంఖ్యలను ముందుంచుకొని నియమములను ఒక్కొక్కటిగా పరీక్షించినచో అది వశమగును. గణితాసక్తిగల ఆడుబిడ్డ ఇంట నున్నచో, ఆమెకు తరగతి తలుపు తెరచుట పెద్దల విధి.