సుల్తాన్ ఉలుగ్ బేగ్: రాజ్యం పోయినా నిలిచిన లెక్క

మన మసీదుల గోడలపై నమాజు వేళల పట్టిక ఉంటుంది. ఫజ్ర్ ఎప్పుడు మొదలవుతుందో, సూర్యోదయం, అస్ర్, మగ్రిబ్ ఏ వేళకో ఏడాది పొడవునా తేదీలవారీగా అందులో రాసి ఉంటుంది. దాన్ని చూసి అజాన్ ఇస్తాం. రమజానులో సహరీ ముగిస్తాం, ఇఫ్తార్ చేస్తాం. కాని ఆ అంకెల వెనుక ఎంత శ్రమ ఉందో ఆలోచించేవారు తక్కువ. ముందు సూర్యుణ్ణి, నక్షత్రాలను కొలవాలి. ఆ కొలతలతో లెక్క చేయాలి. చేసిన లెక్కను ఎవరైనా, ఎక్కడైనా వాడుకొనేలా పట్టికలో పెట్టాలి. ఈ మూడు పనులనూ ఒక్క మనిషి ఒంటరిగా చేయడం కష్టం. అందుకే ఒక పాలకుడు దేశదేశాల పండితులను ఒక చోట చేర్చి, వారితో కలిసి కూర్చొని ఈ పని పూర్తిచేశారు. ఆయనే సమర్‌ఖండ్ సుల్తాన్ ఉలుగ్ బేగ్. ఆయన జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాం.

బాల్యం, విద్య

ఆయన అసలు పేరు ముహమ్మద్ తరగాయ్. ఉలుగ్ బేగ్ అంటే గొప్ప ప్రభువు అని అర్థం. జగజ్జేతగా పేరుపడిన తైమూరుకు ఆయన మనుమడు. తండ్రి షారుఖ్, తల్లి గౌహర్ షాద్. హిజ్రీ 796లో, అంటే 1394 మార్చిలో, తైమూరు సైన్యం దండయాత్రలో ఉండగా ఇరాన్‌లోని సుల్తానియాలో జన్మించారు. బాల్యమంతా తాతగారి గుడారాల మధ్యనే గడిచింది. ఆయన ఖుర్ఆన్‌ను కంఠస్థం చేశారని చరిత్రకారులు రాశారు.

1405లో తైమూరు మరణించాడు. వారసుల మధ్య కలహాలు చెలరేగాయి. చివరికి షారుఖ్ నిలదొక్కుకొని హెరాత్‌ను రాజధాని చేసుకొన్నారు. 1409లో సమర్‌ఖండ్ పాలనను కుమారునికి అప్పగించారు. అప్పటికి ఉలుగ్ బేగ్ వయసు 15 ఏళ్లు. తాత కత్తితో పేరు సంపాదించాడు. మనుమని మనసు మాత్రం గణితం మీద, ఆకాశం మీద ఉంది.

ముందు మదరసా, తరువాత వేధశాల

ఉలుగ్ బేగ్ మొదట పరికరాలు చేయించలేదు. మనుషులను తయారుచేసే ఏర్పాటు చేశారు. బుఖారాలో ఒక మదరసా, 1417 నుంచి 1420 వరకు సమర్‌ఖండ్ రెగిస్తాన్ మైదానంలో మరో మదరసా కట్టించారు. అక్కడ ధార్మిక విద్యలతో పాటు గణితం, ఖగోళ శాస్త్రం కూడా బోధించేవారు. ఆ రెండు కట్టడాలూ నేటికీ నిలిచి ఉన్నాయి.

ఆ మదరసాకు ముగ్గురు విద్వాంసుల వల్ల పేరు వచ్చింది. మొదటివారు కాజీజాదా రూమీ. ఈయన బుర్సా నగరం నుంచి వచ్చి ఉలుగ్ బేగ్‌కు గురువయ్యారు. రెండవవారు కాషాన్ నగరానికి చెందిన గియాసుద్దీన్ జమ్షీద్ అల్ కాషీ. లెక్కలు చేయడంలో ఆ కాలంలో ఆయనకు సాటి రాగలవారు లేరు. మూడవవారు అలీ ఖూష్జీ. ఈయన తండ్రి ఉలుగ్ బేగ్ డేగల సంరక్షకుడు. ఖూష్జీ అనే పేరు ఆ వృత్తి నుంచే వచ్చింది. డేగలను పెంచేవాని కొడుకు సుల్తాన్ పక్కన కూర్చొని నక్షత్రాలను కొలిచాడంటే ఆ సభలో దేనికి విలువ ఉండేదో గ్రహించవచ్చు.

అల్ కాషీ తన తండ్రికి రాసిన లేఖ ఒకటి లభ్యమవుతోంది. సుల్తాన్ స్వయంగా చర్చల్లో పాల్గొనేవారని, తన మీద గౌరవం కొద్దీ ఎవరైనా తలూపితే ఆయనకు నచ్చేది కాదని ఆ లేఖ వల్ల తెలుస్తుంది. మరో సంఘటనను ఉస్మానీ కాలపు గ్రంథకర్తలు రాశారు. ఒకసారి ఉలుగ్ బేగ్ ఒక ఉపాధ్యాయుణ్ణి తొలగించగా, కాజీజాదా పాఠాలు చెప్పడం మానివేశారట. ఆయనకు జబ్బు చేసిందనుకొని సుల్తాన్ చూడడానికి వెళ్లారు. బోధన అనేది ఎవరూ తొలగించలేని పదవి అనుకొని చేపట్టానని, పాలకుని ఇష్టం మీద ఆధారపడే పని తనకు వద్దని కాజీజాదా స్పష్టంగా చెప్పారు. ఉలుగ్ బేగ్ తన తప్పును దిద్దుకొని ఆ ఉపాధ్యాయుణ్ణి తిరిగి నియమించారట. నిజం చెప్పడానికి భయపడే చోట కొలతలు నిజం కావు. రాజుకు నచ్చే అంకె రాయడం మొదలుపెడితే పట్టిక మొత్తం పాడవుతుంది.

కొండ మీది కొలబద్ద

సమర్‌ఖండ్ నగరం వెలుపల ఒక గుట్ట మీద వేధశాల వెలిసింది. వేధశాల కట్టడం కొత్త విషయం కాదు. 1259లో నసీరుద్దీన్ తూసీ మరాగాలో పెద్ద వేధశాలను, గ్రంథాలయాన్ని నెలకొల్పి పండితులను ఒక చోట చేర్చారు. ఉలుగ్ బేగ్ ఆ బాటలోనే నడిచి, పరికరాన్ని మరింత పెద్దది చేశారు.

మూడంతస్తుల ఆ గుండ్రని కట్టడంలో ఉత్తర దక్షిణాలుగా ఒక మహా చాపం ఉండేది. దాని వ్యాసార్ధం దాదాపు 40 మీటర్లు. కింది భాగాన్ని రాతిలో తొలిచి నేలలోకి దించారు. మిట్టమధ్యాహ్నం పైనున్న చిన్న రంధ్రం గుండా సూర్యకిరణం చీకటి గదిలోకి దిగి చాపం మీద పడేది. అది పడిన చోటును బట్టి ఆ రోజు సూర్యుని ఎత్తు తెలిసేది. ఇంత పెద్ద పరికరం దేనికన్న సందేహం రావచ్చు. ఆ చాపం మీద ఒక డిగ్రీ దాదాపు 70 సెంటీమీటర్లు. డిగ్రీలో 60వ వంతు కూడా సెంటీమీటరుకు మించి ఉంటుంది. కనుక చేతిలో పట్టుకొనే పరికరంలో కంటికి ఆనని తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక్క అంకె కోసం

కొలత ఎంత మంచిదైనా లెక్క తప్పితే ఫలితం శూన్యం. ఖిబ్లా దిశ కట్టాలన్నా, నమాజు వేళ తేల్చాలన్నా, గ్రహం ఎక్కడుందో చెప్పాలన్నా కోణాలకు సంబంధించిన సైన్ విలువలు కావాలి. వాటన్నిటికీ మూలం ఒక డిగ్రీ సైన్ విలువ. అది తప్పితే దాని నుంచి పుట్టిన వేలాది విలువలూ తప్పుతాయి. పునాది రాయి ఒరిగితే గోడంతా ఒరిగినట్లే.

అల్ కాషీ ఆ ఒక్క అంకె కోసం ప్రత్యేక పద్ధతి కనిపెట్టారు. మొదట ఒక ఉజ్జాయింపు విలువ తీసుకొని సమీకరణంలో పెట్టడం, వచ్చిన జవాబును మళ్లీ అందులోనే పెట్టడం, ప్రతి విడతలోనూ నిజానికి మరింత దగ్గరవడం. నేటి కంప్యూటర్లు చేసే లెక్కల్లో ఇటువంటి పద్ధతులు సర్వసాధారణం. ఉలుగ్ బేగ్ పట్టికలోని సైన్ విలువలు ఎనిమిది దశాంశ స్థానాల వరకు సరిగ్గా ఉన్నాయని తరువాతి పరిశోధకులు తేల్చారు. ఇదంతా కలంతో, కాగితంతో చేసిన పని.

1429లో అల్ కాషీ మరణించారు. కొంతకాలానికి కాజీజాదా కూడా కన్నుమూశారు. అయినా పని ఆగలేదు. అలీ ఖూష్జీ సాయంతో ఉలుగ్ బేగ్ దాన్ని ముగించారు. గ్రంథం ముందుమాటలో ఆ ముగ్గురి పేర్లూ చెప్పి వారి సహాయాన్ని గుర్తుచేసుకొన్నారు. సుల్తాన్ అయి ఉండి కూడా పేరంతా తానే తీసుకోలేదు.

జీజ్

ఆ గ్రంథమే 'జీజె సుల్తానీ'. జీజ్ అనే మాట మగ్గం మీది పడుగు పోగుల నుంచి వచ్చిందంటారు. నిలువు గీతలు, అడ్డు వరుసలు, గడి గడిలో ఒక అంకె. హిజ్రీ 841, అంటే 1437వ సంవత్సరాన్ని ప్రాతిపదికగా తీసుకొని దాన్ని కూర్చారు. వేర్వేరు జాతుల పంచాంగాలు, కోణాల లెక్కలు, సూర్యచంద్రుల, గ్రహాల చలనాలు, 1018 నక్షత్రాల స్థానాలు అందులో ఉన్నాయి. అంతకు ముందు చాలామంది గ్రీకు పండితుడు టాలమీ ఇచ్చిన స్థానాలకే కాలానికి తగిన సవరణ కలిపి వాడుకొనేవారు. ఉలుగ్ బేగ్ బృందం నక్షత్రాలను మళ్లీ స్వయంగా కొలిచింది. సమర్‌ఖండ్ నుంచి కనిపించని కొన్ని దక్షిణపు నక్షత్రాలను మాత్రం పదవ శతాబ్దపు అబ్దుర్రహ్మాన్ సూఫీ గ్రంథం నుంచి తీసుకొన్నారు. నక్షత్రాల ఆధారంగా వారు లెక్కించిన సంవత్సరం 365 రోజుల 6 గంటల 10 నిమిషాల 8 సెకన్లు. నేటి లెక్కకూ దీనికీ తేడా ఒక నిమిషం లోపే.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ గ్రంథంలోని నాలుగవ భాగం జాతకాలకు సంబంధించినది. ఆనాటి రాజసభలన్నిటిలో ఆ అలవాటు ఉండేది. నక్షత్రాల గతిని లెక్కించడం వేరు, అవి మన భవితవ్యాన్ని నిర్ణయిస్తాయని నమ్మడం వేరు. మొదటిది సృష్టికర్త నియమాలను తెలుసుకోవడం. రెండవది అగోచర జ్ఞానం అల్లాహ్‌కే చెందుతుందన్న మన విశ్వాసానికి విరుద్ధం. ఉలుగ్ బేగ్‌ను గౌరవిస్తూనే ఈ తేడాను మనం గుర్తుంచుకోవాలి. నేడు ప్రపంచం ఆ గ్రంథంలోని కొలతలకే విలువ ఇస్తోంది.

కన్నకొడుకు చేతిలో

1447లో షారుఖ్ మరణించారు. ఉలుగ్ బేగ్ రాజ్యానికి వారసులయ్యారు గాని రాజకీయం ఆయనకు కలిసిరాలేదు. బంధువులతో యుద్ధాలు వచ్చాయి. చివరికి పెద్ద కొడుకు అబ్దుల్ లతీఫే ఎదురుతిరిగాడు. 1449లో సమర్‌ఖండ్ సమీపంలో జరిగిన పోరులో తండ్రి ఓడిపోయారు. సింహాసనం వదులుకొని హజ్‌కు వెళ్తానని ఆయన అడగగా కొడుకు అనుమతించాడు. కాని వెనుక నుంచి మరణశిక్షకు ఫత్వా సిద్ధం చేయించాడు. ఒక కాజీ మాత్రం దానిపై సంతకం చేయడానికి నిరాకరించారని చరిత్రకారులు రాశారు. హిజ్రీ 853 రమజాను మాసంలో, అంటే 1449 అక్టోబరులో, హజ్‌కు బయలుదేరిన ఆయనను దారిలోనే తల నరికి చంపారు. అప్పుడు ఆయన వయసు 55 ఏళ్లు.

తండ్రిని చంపించిన కొడుకు ఆరు నెలలు దాటీ దాటకముందే, 1450లో, తానూ హత్యకు గురయ్యాడు. 1941లో గూరె అమీర్ సమాధిని తెరచినప్పుడు, ఉలుగ్ బేగ్ మరణం గురించి గ్రంథాలు చెప్పింది నిజమేనని ఆయన ఎముకలు సాక్ష్యమిచ్చాయి. గుట్ట మీది వేధశాల ఆదరణ కోల్పోయి శిథిలమైంది. కాలక్రమంలో అది ఎక్కడుండేదో కూడా జనం మరచిపోయారు. 1908లో వ్యాత్కిన్ అనే పురావస్తు పరిశోధకుడు తవ్వకాల్లో ఆ చాపం కింది భాగాన్ని వెలికితీశాడు.

పట్టిక చేసిన ప్రయాణం

రాజ్యం పోయింది, భవనం పోయింది. పట్టిక మాత్రం పోలేదు. ఎందుకంటే అది ఒకరి పెట్టెలో దాచిన రహస్యం కాదు. రాసుకొనేవారికి రాసుకొన్నంత. అలీ ఖూష్జీ సమర్‌ఖండ్ విడిచి హెరాత్, తబ్రీజ్‌ల మీదుగా ఇస్తాంబుల్ చేరి, సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ ఆదరణలో అయా సోఫియా మదరసాలో బోధించారు. 1474లో అక్కడే మరణించారు. ఆ దేశంలో ఈ జీజ్‌కు వ్యాఖ్యానాలు వెలిశాయి. 1665లో ఆక్స్‌ఫర్డ్‌లో థామస్ హైడ్ దానిలోని నక్షత్ర పట్టికను అచ్చువేయించాడు.

మన దేశానికీ అది చేరింది. షాజహాన్ కాలంలో ఢిల్లీ పండితులు కూర్చిన జీజ్‌కు ఇదే ఆధారం. 18వ శతాబ్దంలో జైపూర్ రాజు సవాయీ జైసింగ్ ఢిల్లీ, జైపూర్, ఉజ్జయిని, మథుర, వారణాసి నగరాల్లో వేధశాలలు కట్టించి, 'జీజె ముహమ్మద్ షాహీ' సిద్ధం చేయించాడు. నక్షత్రాల స్థానాలు దాదాపు 70 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతాయి. ఉలుగ్ బేగ్ పట్టికకు ఫలానా సంవత్సరానిదని గుర్తు ఉన్నందువల్ల, దాదాపు మూడు శతాబ్దాల తరువాత జైసింగ్ పండితులు అందులోని స్థానాలకు 4 డిగ్రీల 8 నిమిషాలు కలిపి వాడుకోగలిగారు. ముస్లిం సుల్తాన్ లెక్క హిందూ రాజుకు ఉపయోగపడింది. ఆ రాజు తన గ్రంథానికి మొఘల్ చక్రవర్తి పేరు పెట్టాడు.

ఇటువంటి ఉమ్మడి శ్రమలో మన హైదరాబాదుకూ వాటా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాలను ఆయన మరణం తరువాత నిజాం ప్రభుత్వం చేపట్టింది. 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ నక్షత్ర సూచికలో దాదాపు 20 వేధశాలలు ఆకాశాన్ని పంచుకోగా, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న భాగం హైదరాబాదుకు వచ్చింది. ఎన్నో ఏళ్లు ఫోటో పలకల మీద నక్షత్రాల స్థానాలను కొలిచి అచ్చువేశారు. ఆ పాత కొలతలను కంప్యూటర్లకెక్కించి, ఉపగ్రహ పరిశీలనలతో పోల్చి, 25 లక్షల నక్షత్రాల చలనాన్ని లెక్కగట్టిన టైకో-2 సూచిక 2000లో వెలువడింది. ఉలుగ్ బేగ్ పట్టికను కూడా కంప్యూటర్ చదవగల రూపంలో 2012లో పరిశోధకులు ప్రచురించారు. 575 ఏళ్ల తరువాత కూడా ఒక్కో నక్షత్రాన్ని వరుసగా సరిచూడగలిగారంటే, ఆ వరుసలు అంత జాగ్రత్తగా రాసినవన్నమాట.

మనం నేర్చుకోవలసింది

మనిషి చనిపోయాక అతని కర్మలు ఆగిపోతాయని, అయితే ఇతరులకు ప్రయోజనం కలిగించే విద్య పుణ్యం చేకూరుస్తూనే ఉంటుందని మన ధర్మం బోధిస్తుంది. విద్య అంటే మనకు తెలిసి ఉండడం మాత్రమే కాదు. తరువాత వచ్చేవాడు మళ్లీ మొదటి నుంచి కష్టపడకుండా దాన్ని సరిచూసి, భద్రపరచి, అతని చేతికి అందేలా ఉంచాలి. మన మదరసాల్లో, మసీదు కమిటీల్లో, సంఘాల్లో ఎంత సమాచారం ఒక్కరి సంచిలో ఉండిపోయి, ఆ ఒక్కరితోనే మట్టిలో కలిసిపోతోందో ఆలోచించండి. వక్ఫ్ భూముల లెక్కలు, పాత గ్రంథాల జాబితాలు, పేద విద్యార్థుల వివరాలు, ఇవన్నీ నలుగురూ చూడగలిగేలా, తేదీ వేసి, తప్పులు దిద్ది రాసిపెట్టడం కూడా ఒక సేవే.

ఉలుగ్ బేగ్ లోపాలను అల్లాహ్ మన్నించుగాక! తెలిసినది దాచుకోకుండా పదిమందికి పంచే గుణాన్ని మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.