సర్ ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (మే 15, 1803 - జూలై 24, 1899) బ్రిటిషు సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. గోదావరిపై ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించినవాడుగా ఆంధ్రదేశములో ఈయన పేరు ఎరుగనివారు అరుదు. ప్రభుత్వము నీటికీ, సరకు రవాణాకూ పెట్టిన ఖర్చు రైతు గాదెలో ధాన్యముగాను, సంతలో బేరముగాను, తిరిగి ఖజానాకు శిస్తుగాను చేరుతుందని ఈయన జీవితాంతము వాదించాడు. ఆ వాదము గోదావరి డెల్టాలో నిజమైంది. మరికొన్ని చోట్ల కాలేదు.

బాల్యము, ఉద్యోగ ప్రవేశము

కాటన్ ఇంగ్లండులో హెన్రీ కాల్వెలీ కాటన్ పదవ కుమారుడుగా జన్మించాడు. అడిస్కోంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళములో చేరి, 1821లో మద్రాసు చేరుకున్నాడు. మొదటి బర్మా యుద్ధములో పాల్గొన్నాడు. ఆ తరువాత తంజావూరు ప్రాంతములో కావేరి పనులు ఈయనకు అప్పగింపబడ్డాయి. కావేరి నీరు క్రమముగా కొల్లడం పాయకు మళ్ళిపోయి తంజావూరు పొలాలు ఎండిపోయే ప్రమాదము ఏర్పడగా, 1836లో కొల్లడంపై ఆనకట్టలు నిర్మించి దానిని నివారించాడు. ఇసుక పునాదిపై బరువైన కట్టడమును నిలపడమెలాగో కావేరిపై ప్రాచీన చోళులు కట్టిన కల్లణను చూచి నేర్చుకున్నాడు. ధవళేశ్వరములో ఈయనకు అక్కరకు వచ్చినది ఈ విద్యయే.

ఆరోగ్యము దెబ్బతినగా సెలవుపై టాస్మానియా వెళ్ళి, అక్కడ 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడాడు.

రాజమండ్రి జిల్లా దుస్థితి

కాటన్ గోదావరి తీరానికి వచ్చేనాటికి రాజమండ్రి జిల్లా బాగా చితికిపోయి ఉంది. దీనికి కారణము అనావృష్టి ఒక్కటే అనుకోవడము పొరపాటు. కోనసీమలోను, సముద్రతీర గ్రామాలలోను వేలాది సాలె కుటుంబాలు ఎగుమతి బట్టల నేత మీద బ్రతికేవి. ఇంజరం, బండమూర్లంక, నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలలో కంపెనీ వర్తక కేంద్రాలు ఉండేవి. మాధవాయపాలెం పేరు ఇంగ్లీషువారి నోట మడపొల్లం అయి, ఐరోపాలో ఒక రకము నూలుబట్టకే పేరుగా స్థిరపడింది. ఇంగ్లండులో యంత్రాల నేత పెరిగిన పిమ్మట వ్యాపారము తిరగబడింది. ఇక్కడి బట్టపై ఇంగ్లండులో భారీ సుంకాలు, అక్కడి బట్టపై ఇక్కడ నామమాత్రపు సుంకము. 1813 చట్టము భారత వర్తకముపై కంపెనీ గుత్తాధిపత్యాన్ని తీసివేసింది. 1830 ప్రాంతానికి గోదావరి తీరపు వర్తక కేంద్రాలు మూతపడ్డాయి. 1833 చట్టముతో కంపెనీ వ్యాపారమే మానుకుంది. లండనులో జరిగిన ఈ నిర్ణయాలలో మన సాలెవారి ప్రమేయమేమీ లేదు. బయానా ఇచ్చి బట్ట కొనేవాడు మాత్రము ఆ ఊళ్ళకు రావడము మానివేశాడు.

సరిగ్గా ఆ సమయానికే 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు సీమలో ప్రాణనష్టము చెప్పనలవి కాదు. రాజమండ్రి జిల్లాయు దాని వాత పడింది. 1839లో కోరంగిని పెను తుఫాను ముంచింది. వీటికితోడు గ్రామాలను పోటీ వేలములో గుత్తకిచ్చే శిస్తు పద్ధతి ఉండేది. పాటదారు పెంచిన మొత్తము చివరకు కాపు నెత్తినే పడేది. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ ఈ జిల్లాపై సమర్పించిన నివేదిక ప్రకారము, 1821లో 7,38,308గా ఉన్న జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి తగ్గింది. ఇరవై ఏండ్లలో నలుగురిలో ఒకరు చనిపోవడమో, ఊరు విడిచిపోవడమో జరిగిందన్నమాట.

ధవళేశ్వరం ఆనకట్ట

గోదావరిపై ఆనకట్ట కట్టాలని 1844లో కాటన్ ప్రభుత్వానికి నివేదించాడు. తంజావూరును, రాజమండ్రిని ప్రక్కప్రక్కన పెట్టి చూపడము ఈ వాదములోని బలము. రెండూ డెల్టాలే, రెండింటి నేలా సారవంతమైనదే. ఒకచోట కాలువలున్నాయి, రెండవచోట లేవు. 1846 డిసెంబరులో కంపెనీ డైరెక్టర్ల అనుమతి లభించి, 1847లో పని ప్రారంభమై 1852లో పూర్తయింది. నది నాలుగు పాయలుగా చీలిన చోట లంకలను ఆధారము చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మొత్తము సుమారు మూడున్నర కిలోమీటర్ల కట్టడము లేచింది. రాయి ధవళేశ్వరం కొండనుండియే వచ్చింది. వేలాది కూలీలు పనిచేసిన ఈ నిర్మాణములో కాటన్‌కు కుడిభుజముగా నిలిచిన తెలుగువాడు వీణెం వీరన్న.

కాలువల త్రవ్వకము మరి కొన్ని దశాబ్దాలు సాగింది. వైనతేయ పాయ మీదుగా నగరం లంకకు నీరు తీసుకొనిపోయే, 49 ఖానాల గన్నవరం అక్విడక్టును హేగ్ అనే యువ అధికారి నిర్మించాడు. కృష్ణపై విజయవాడ ఆనకట్ట కూడా కాటన్ ప్రోత్సాహముతోనే ఓర్ అనే అధికారి చేతిమీదుగా 1855లో పూర్తయింది.

డెల్టాలో వచ్చిన మార్పు

నీరు నికరమైన తరువాత మెట్టపైర్లు వేసే పొలాలు వరిచేలయ్యాయి. కాలక్రమేణా సార్వాతోపాటు దాళ్వా కూడా పండింది. నాట్లు, కలుపు, కోతలు, నూర్పిళ్ళు రావడముతో స్త్రీలకూ పురుషులకూ ఏడాదిలో ఎక్కువ రోజులు కూలి దొరికింది. అయితే పండిన ధాన్యము అమ్ముడు పోకపోతే రైతుకు మిగిలేదేమీ ఉండదు. అందుకే కాటన్ ప్రధాన కాలువలన్నింటినీ పడవలు నడిచేటట్లు లాకులతో కట్టించాడు. గ్రామము రేవులో పడవకెత్తిన బస్తాలు కాకినాడ వరకు పోయేవి. పూడిపోతున్న కోరంగి స్థానములో కాకినాడ పెద్ద రేవైంది. ఏలూరు కాలువ కృష్ణా డెల్టాతోను, తరువాత బకింగ్‌హాం కాలువ మద్రాసుతోను కలపగా, కాకినాడ నుండి మద్రాసుకు పడవమీదనే చేరే వీలు కలిగింది.

అంతగా ప్రచారము లేని విషయము మరొకటి ఉంది. 1854 ప్రాంతములో నరసాపురం సీమలో సబ్‌కలెక్టరు టేలర్ పాఠశాలలు ప్రారంభించినపుడు, వాటి ఖర్చుకై శిస్తుపై అదనపు పన్ను చెల్లించడానికి రైతులే ఒప్పుకున్నారు. పదేండ్ల క్రితము శిస్తు బకాయిలతో కుంగిన జిల్లా ఇది. కడుపు నిండిన తరువాత పిల్లల చదువుమీదికి దృష్టి మళ్ళడము సహజమే.

ఈ మేలు అందరికీ సమానముగా దక్కలేదు. కాలువ ఎక్కని మెట్ట తాలూకాలు, మన్యము పాత స్థితిలోనే ఉండిపోయాయి. భూమిలేనివారికి కూలి పెరిగింది గాని భూమి రాలేదు. ఉత్తర కోస్తా, గోదావరి ప్రాంతాలనుండి రంగూనుకు కూలీల వలస కొనసాగింది. బర్మాలో తెలుగువారికి కోరంగీలనే పేరు నిలిచిపోయింది. సాలెవారికి పోయిన విదేశీ బేరము తిరిగి రాలేదు. పైగా ధాన్యము తీసుకొనిపోయిన పడవలే సీమ నూలును, సీమ బట్టను ఊరూరా దింపాయి.

కాలువలా, రైలు మార్గాలా

1854లో ప్రచురించిన గ్రంథములోను, తదుపరి రచనలలోను కాటన్ రైలుమార్గాలకన్నా జలమార్గాలే ఈ దేశానికి చౌకయని వాదించాడు. రైలు కరువుసీమకు ధాన్యాన్ని చేర్చగలదేగాని పండించలేదని ఈయన అభిప్రాయము. ఇందులో కొంత అతిశయము లేకపోలేదు. నాగపూరు, బేరారుల ప్రత్తిని కాకినాడకు తేవడానికి దుమ్ముగూడెం తదితర స్థలాలలో చేపట్టిన ఎగువ గోదావరి జలమార్గము పని 1871లో మధ్యలోనే నిలిచిపోయింది. ఈయన ప్రోత్సహించిన కర్నూలు-కడప కాలువను ప్రభుత్వము వడ్డీకి పూచీపడగా ఒక ప్రైవేటు కంపెనీ త్రవ్వింది. నల్లరేగడిలో జొన్న, ప్రత్తి పండించే రైతులు ఆ నీటికి డబ్బు చెల్లించి తీసుకొనడానికి ముందుకు రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే దానిని కొన్నది. ఒక నేలకు సరిపడిన పథకము మరొక నేలకు సరిపడుతుందని నమ్మడము ఈయన ఆలోచనలోని లోపము.

1876-78 మహాక్షామము తరువాత, బ్రిటిషు పార్లమెంటు నియమించిన సంఘము ఎదుట 1878లో కాటన్ సాక్ష్యమిచ్చాడు. సంఘము ఈయన పథకాలను అంగీకరించలేదు. ఫ్లారెన్సు నైటింగేల్ మాత్రము నీటిపారుదల విషయములో ఈయన పక్షము వహించింది.

చివరి రోజులు

1861లో సర్ బిరుదమును, 1866లో కె.సి.ఎస్.ఐ. గౌరవమును పొందిన కాటన్, విశ్రాంత జీవితాన్ని ఇంగ్లండులోని డార్కింగ్‌లో గడిపాడు. అక్కడి తోటలో లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేసేవాడు. 1899 జూలై 24న 96 ఏండ్ల వయసులో అక్కడే మరణించాడు. కుమార్తె లేడీ హోప్ వ్రాసిన ఈయన జీవితచరిత్ర 1900లో వెలువడింది.

పాత ఆనకట్ట స్థానములో 1970వ దశకములో నిర్మాణము ప్రారంభమైన బారేజీకి కాటన్ పేరే పెట్టారు. ధవళేశ్వరములో ఈయన పేర ఒక మ్యూజియం ఉంది. డెల్టా గ్రామాలలో రైతులు నెలకొల్పిన కాటన్ విగ్రహాలు అనేకము కనిపిస్తాయి. గోదావరి స్నానానికి దిగే పండితులు సంకల్పములో ఈయన పేరును కూడా చేర్చి చెప్పేవారని ప్రతీతి.