విశాఖ చేపలకు బొమ్మలు గీయించిన డాక్టర్



కెమెరా లేని రోజుల్లో సముద్ర జీవులను ఎలా గుర్తుపెట్టుకునేవారో మీ పిల్లలకు తెలుసా?

స్కాట్లాండ్ డాక్టర్ ప్యాట్రిక్ రస్సెల్ 1780లలో సోదరుడితో కలిసి విశాఖపట్నం వచ్చారు. 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త అయ్యారు. ఇక్కడి చేపలకు స్థానికుల చేతే బొమ్మలు గీయించారు. చేపల పేర్లు కూడా మనవాళ్లు పిలిచేవే రాసుకున్నారు. 200 చేపలతో ఆ పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. 1805లో ఆయన కన్నుమూశారు. మన రక్తపింజరను ఇంగ్లిష్‌లో రస్సెల్స్ వైపర్ అనేది ఆయన పేరు మీదే.

నేను చెప్పేది ఇంగ్లిష్ మీడియంలోనే. అయినా ఒక మాట. ఈసారి కళింగపట్నం బీచ్‌కో, చింతపల్లి బీచ్‌కో వెళ్లినప్పుడు పిల్లలు చేపను ఫొటో తీసి ఊరుకోకుండా, దాని తెలుగు పేరు అక్కడి మత్స్యకారులను అడిగి రాసుకునేలా చూడండి. లండన్ దాకా వెళ్లిన పేర్లు మన ఇళ్లలో మరుగున పడకూడదు కదా!